ఇంటికి పోదాం

మా ఊరి గుడిలో చెప్పుల స్టాండు పక్కన ఒక నోటీసు బోర్డు ఉంటుంది. (మా ఊరంటే రాచెస్టర్, న్యూయార్క్ రాష్ట్రం. ఒంగోలువాణ్ణి, రాచెస్టర్ని "మా ఊరు" అని ఎప్పటినుంచి అనడం మొదలుపెట్టానో నాకే తెలీదు. ఈ రాతంతా ఆ గొడవ గురించే.) ఆ బోర్డు మీద మామూలుగా మూడు రకాల కాగితాలు కనిపిస్తాయి. సంగీతం పాఠాలు, అద్దెకిచ్చే బేస్‌మెంట్లు, ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు అమ్ముకునే సోఫాలూ టొయోటాలూ. 2013 దసరాకి వెళ్ళినప్పుడు నాలుగో రకం ఒకటి కనబడింది. తెల్ల కాగితం మీద నీలం సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాలు.

"అయ్యా, అమ్మా. మా ఆయనతో వారానికి ఒక గంట తెలుగులో మాట్లాడగలవారు కావలెను. ఏ విషయమైనా ఫరవాలేదు. దయచేసి ఫోను చేయగలరు."

మా ఆవిడ ఆ దస్తూరీ చూసి "ఎవరో పాతకాలం టీచరమ్మ. పాపం, ఆయనకి ఒంట్లో బాలేదేమో" అని నంబరు రాసుకుంది. ఆ నంబరు వారం రోజులు మా ఫ్రిజ్ మీద ఉంది. నేను చూస్తూనే ఉన్నాను, రిలీజు పనుల్లో పడి వాయిదా వేస్తూనే ఉన్నాను. చివరికి మా ఆవిడే ఫోను కలిపి నా చేతిలో పెట్టింది.

"అమ్మా, గుడిలో కాగితం చూశామండీ. మాది ఒంగోలు" అన్నాను.

"ఒంగోలా! మా పక్కనే గదా నాయనా. మాది కందుకూరు దగ్గిర. వచ్చి ఎన్నాళ్ళయింది? పిల్లలెంతమంది?"

ఆ యాస వినేసరికి ప్రాణం లేచొచ్చింది. మా మేనత్త అచ్చం ఇలాగే మాట్లాడేది. శనివారం పొద్దున్నే స్వీటు డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసినావిడ తెల్లావిడ. డెబ్భై అయిదేళ్ళుంటాయి. పనిమనిషో, నర్సో అనుకుని వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూశాను.

"నేనే నాయనా ఫోన్లో మాట్లాడింది. చెప్పులు ఆడ ఇడిచి లోపలికి రా" అంది ఆవిడ. నా మొహం చూసి పడీ పడీ నవ్వింది కూడా. ఫోన్లో ఎవరికీ తన పేరు ముందు చెప్పదట. చెబితే జనం ఇంగ్లీషులోకి దిగిపోతారని.

వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఆవిడ వద్దంది. ఊళ్ళో అందరూ దొరగారు, దొరసానమ్మగారు అనేవాళ్ళట గానీ ఆవిడకి ఆ మాట పడదు. "పెద్దమ్మా అను, చాలు" అంది. అలాగే పిలిచాం.

పెద్దమ్మ ఇక్కడికి గంటన్నర దూరంలో కెయుగా సరస్సు దగ్గర పాడిరైతుల పిల్ల. పెదనాన్న మాత్రం 1934లో నెల్లూరు జిల్లాలో ఒక మిషను బంగళాలో పుట్టాడు. ఆయన తల్లిదండ్రులు కూడా మిషనరీలే. ఆరేళ్ళ దాకా ఆయన్ని పెంచింది ఒక ఆయా. ఆమెకి ఇంగ్లీషు ముక్క రాదు. తర్వాత కొడైకెనాల్ బోర్డింగు స్కూలు. అమెరికన్ మిషనరీలు తమ పిల్లల కోసం 1901లో పెట్టుకున్న స్కూలది. ఆ తర్వాత అమెరికాలో కాలేజీ. అక్కడ ఈవిడ పరిచయం, 1961లో పెళ్ళి. 1963లో ఇద్దరూ బొంబాయిలో ఓడ దిగి, రైలెక్కి కందుకూరు వైపు వచ్చారు. ఆయన బావులు తవ్వించడం, మిషను లెక్కలు చూడటం. ఆవిడ ఆడపిల్లల బడిలో టీచరు. 1988లో తిరిగి వచ్చేశారు.

ఇప్పుడు ఆయనకి మతిమరుపు జబ్బు. చివర నేర్చుకున్నవి ముందు పోతాయి, మొదట నేర్చుకున్నవి చివరిదాకా ఉంటాయి అని డాక్టరు చెప్పాడట. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన విషయమే. స్టాకులో చివర పెట్టింది ముందు బయటికి వస్తుంది. ఆయన స్టాకులో అన్నిటికంటే అడుగున ఉన్నది తెలుగు. ఇంగ్లీషు పూర్తిగా పోలేదు గానీ సాయంత్రమయ్యేసరికి తెలుగులోకి జారిపోతున్నాడు. పెద్దమ్మకి తెలుగు వచ్చినా రోజంతా ఒక్కతే మాట్లాడలేక గుడిలో కాగితం పెట్టింది.

"మీరు గుడికెళ్ళి కాగితం పెట్టడమేంటండీ?" అని ఉండబట్టలేక అడిగేశాను.

"తెలుగోళ్ళు వచ్చే చోట పెట్టకుండా ఇంకెక్కడ పెడతాం నాయనా? చర్చిలో పెడితే ఎవురు చదువుతారు?"

అలా మొదలైంది. శనివారం సాయంత్రాలు ఒక వారం నేను, ఒక వారం మా ఆవిడ. ఆయన అడిగేవన్నీ తేలిక ప్రశ్నలే. వానలు పడ్డాయా, చెరువు నిండిందా, నూతిలో నీళ్ళు ఉప్పగా ఉన్నాయా తియ్యగా ఉన్నాయా. బయట రెండడుగుల మంచు కురిసి ఉండేది. మా ఊళ్ళో ఏడాదికి సుమారు ఎనిమిదడుగుల మంచు పడుతుంది మరి. నేను కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుని, "పడ్డాయి పెదనాన్నా, ఈసారి బాగానే పడ్డాయి" అనేవాణ్ణి. ఒక రకంగా అబద్ధం కూడా కాదు.

డిసెంబర్లో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. చీకటి పడటం మొదలవగానే ఆయన కుర్చీలోంచి లేచేవాడు. కోటు వెతుక్కునేవాడు.

"ఇంటికి పోదాం పా. పొద్దుగూకతా ఉంది."

"ఇప్పుడేం పోతాం, చీకటి పడింది గదా. పొద్దున్నే పోదాం. బండోడికి చెప్పినాను" అనేది పెద్దమ్మ. ఆయన ఒక నిమిషం ఆలోచించి "చెప్పినావా? సరే అయితే" అని కూర్చునేవాడు. పది నిమిషాలకి మళ్ళీ లేచేవాడు. మళ్ళీ అదే మాట, అదే జవాబు. ఒక్కో సాయంత్రం ఏడెనిమిది సార్లు. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోగా నేను చూడలేదు.

ఆయన నిద్రపోయాక పెద్దమ్మ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేది. ఆ కబుర్లు వింటుంటే ఎవరి కథ వింటున్నానో అప్పుడప్పుడు మర్చిపోయేవాణ్ణి. వాళ్ళకి ఏటా రెసిడెన్సు పర్మిటు రెన్యూ చేయించుకోవాల్సి వచ్చేదట. మొదట్లో నెల్లూరు పోలీసాఫీసుకి, 1970లో మా జిల్లా ఏర్పడ్డాక ఒంగోలుకి. ఫారాలు, ఫోటోలు, ఈసారి ఇస్తారో ఇవ్వరో అన్న బెంగ. "మీరు లోపల ఉండొచ్చు అని ఒక కాగితం మీద రాసి ఉంటే గానీ మన ఇంట్లో మనం పండుకోలేం" అంది. నేను హెచ్-వన్ ఎక్స్‌టెన్షన్ల సంగతి, స్టాంపింగు కోసం మద్రాసు వెళ్ళి తెల్లవారుజామున క్యూలో నిలబడిన సంగతి చెప్పాను. (2009లో హైదరాబాదులో వీసాలు ఇవ్వడం మొదలయ్యేదాకా మనవాళ్ళందరికీ మద్రాసే గతి.) ఇద్దరం నవ్వుకున్నాం.

వాళ్ళకి ఫర్లో అని ఉండేది. కొన్నేళ్ళకోసారి ఒక సంవత్సరం అమెరికాకి సెలవు. వాళ్ళ కాగితాల్లో దాన్ని "ఇంటికి వెళ్ళడం" అనే రాసేవారట. తీరా వెళ్ళాక ఆదివారానికో ఊరు, ఊరికో చర్చి, ఎవరెవరి ఇళ్ళల్లోనో ఖాళీ గదుల్లో నిద్ర. కనబడ్డ ప్రతివాళ్ళూ "ఇండియా ఎలా ఉంది?" అని అడిగి, జవాబు రెండో వాక్యంలో ఉండగానే వేరేవాళ్ళతో మాట్లాడేవాళ్ళట. "ఆ ఏడాదంతా పెట్టె పూర్తిగా సర్దనూ లేదు, పూర్తిగా విప్పనూ లేదు" అంది. మూడు వారాల సెలవులో ఒంగోలు, గుంటూరు, హైదరాబాదు, తిరుపతి చుట్టబెట్టి, చుట్టాలందరికీ మొహం చూపించి వచ్చే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

నాకు బాగా గుర్తుండిపోయిన మాట ఇంకోటుంది. చుట్టుపక్కల పది పన్నెండు మైళ్ళలో వాళ్ళిద్దరే తెల్లవాళ్ళు. పోట్లాడుకుంటే చెప్పుకోవడానికి ఇంకో మనిషి లేడు. పుట్టింటికి పోతానని బెదిరించడానికి పుట్టిల్లు ఎనిమిది వేల మైళ్ళ అవతల. అంచేత ఇద్దరూ ఒక కట్టుబాటు చేసుకున్నారట. ఇద్దరికీ ఒకేరోజు ఇల్లు గుర్తు రాకూడదు. వంతులు వేసుకోవాలి. ఆవిడకి మంచు, యాపిల్ తోటలు గుర్తొచ్చి ఏడుపొచ్చిన రోజున ఆయన గట్టిగా ఉండాలి. పిల్లల్ని సింగరాయకొండలో రైలెక్కించి, మద్రాసు మీదుగా కొడైకెనాల్ స్కూల్లో వదిలి వచ్చిన రోజున మాత్రం ఆ కట్టుబాటు పనిచేసేది కాదట. ఆ రాత్రి ఇద్దరూ వరండాలో కూర్చుని లాంతరు కూడా వెలిగించుకునేవాళ్ళు కాదు. "పిల్లల్ని ఇప్పుడడిగితే మా ఇల్లు కొడైకెనాల్ అంటారు. నేను పాతికేళ్ళు ఊడ్చిన ఇల్లు వాళ్ళ లెక్కలో సెలవులకొచ్చే ఇల్లు" అంది.

ఇంటికెళ్ళి మా ఆవిడకి ఈ వంతుల సంగతి చెప్పాను. "మనకి వంతులెక్కడున్నాయి, ఎప్పుడూ మీ వంతేగా" అంది. నిజమే.

ఒక శనివారం పెద్దమ్మే నన్ను అడిగింది. "మీ ఒంగోలు క్లౌ దొర యాడ చనిపోయాడో తెలుసునా?"

"ఒంగోల్లోనే కదా."

"ఈడే. రాచెస్టర్లో. 1910 నవంబర్లో."

నేను నమ్మలేదు. మా చిన్నప్పుడు ఒంగోల్లో క్లౌ పేరు వినకుండా పెరగడం కుదిరేది కాదు. ఆయన పేరు మీద ఆస్పత్రి ఉంది. మా ఇళ్ళల్లో ఆ పేరు పెద్ద గౌరవంగా తలిచేవాళ్ళు కాదన్నది కూడా దాచకుండా చెప్పాలి. మా తాతకి ఆయనంటే మతం మార్చిన దొర, అంతే. మా పాలేరు ఇంట్లో మాత్రం ఆయన ఫోటోకి దండ ఉండేది. నేను చిన్నప్పుడు ఆ రెండిళ్ళ మధ్య తిరిగాను గానీ ఇదేమిటని ఎవర్నీ అడగలేదు. నలభై ఏళ్ళొచ్చాక రాచెస్టర్లో చదువుకున్నాను.

జాన్ క్లౌ 1836లో ఈ న్యూయార్క్ రాష్ట్రంలోనే, నైరుతి మూలన పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వేయరు. భార్య హారియెట్‌తో 1864 నవంబరు చివర బోస్టన్‌లో ఓడ ఎక్కితే మద్రాసు చేరేసరికి 1865 ఏప్రిల్. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు, ఆఫ్రికా మొత్తం చుట్టి రావాలి. 1866లో ఒంగోల్లో కాపురం పెట్టారు. 1876-78 కరువులో ఆయనలోని పాత సర్వేయరు బయటికొచ్చాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం తనే కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి కూలి దొరికేలా చూశాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడట, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. మా పాలేరు ముత్తాత అందులో ఉన్నాడో లేదో నాకు తెలీదు. అడిగే వయసులో అడగలేదు.

హారియెట్ 1893లో చనిపోయింది. మరుసటేడు ఆయన అక్కడి మిషనులోనే పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ రాచెస్టర్లో ప్రొఫెసరు. అలా ఒంగోల్లో నాలుగు దశాబ్దాలు గడిపిన మనిషి ఈ మంచులో కన్ను మూశాడు.

ఆయనకంటే ముందు నెల్లూరుకి వచ్చిన జ్యూయెట్ దంపతుల కథ ఇంకా చిత్రం. 1849లో వచ్చారు. ఏళ్ళు గడిచినా ఆ మిషను పెరగలేదు. ఎత్తేద్దామా అని 1853లో ఆల్బనీలో సభ పెట్టి చర్చించారు. ఆల్బనీ మా ఊరికి మూడున్నర గంటల దూరం. మ్యాపులో ఆ మిషనుకి ఉన్న చుక్క నెల్లూరు ఒక్కటే, అందుకని దానికి ఒంటరి నక్షత్రం అని పేరొచ్చింది. 1862లో మళ్ళీ అదే చర్చ. అప్పటికి జ్యూయెట్ ఆరోగ్యం పాడై అమెరికాలో ఉన్నాడు. మీరు ఎత్తేసినా సరే, నేను తిరిగి వెళ్తాను, అవసరమైతే ఆ తెలుగువాళ్ళ మధ్యనే చనిపోతాను అన్నాడట. వెళ్ళాడు కూడా. కానీ చివరికి ముసలితనంలో వెనక్కి రాక తప్పలేదు. 1897లో మసాచుసెట్స్‌లో చనిపోయాడు.

"ఆడ చస్తామన్నోళ్ళు ఈడికొచ్చి చచ్చారు. నాలుగేళ్ళుండి ఇంటికొస్తామన్నోళ్ళు ఆడ చచ్చారు. పాత మిషను సమాధులు చూడు నాయనా, ఎన్ని చిన్న చిన్న రాళ్ళో. పిల్లలవి" అంది పెద్దమ్మ. కాసేపాగి, "యాడ చస్తామో ముందే చెప్పకూడదు. అది మన చేతుల్లో ఉండేది కాదు" అంది.

2015 చలికాలంలో అనుకుంటాను, ఆ సాయంత్రం ఆయన బాగా మాట్లాడుతున్నాడు. కోటు కోసం లేవగానే నేను ఊరికే అడిగాను. "మీ ఇల్లు ఎట్టా ఉంటుంది పెదనాన్నా?"

"మెట్లు పన్నెండు" అన్నాడు. "ఎడంపక్క నుయ్యి. నుయ్యి కాడ బాదం చెట్టు. ఆయమ్మ ఆడ కూసోని ఉంటది. చీకటి పడినాక నేను రాకపోతే అరస్తది."

నాకు సరదాగా అనిపించి పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ మొహంలో నవ్వు లేదు. ఆయన పడుకున్నాక చెప్పింది. పన్నెండు మెట్ల ఇల్లు వాళ్ళిద్దరూ పాతికేళ్ళు కాపురం చేసిన కందుకూరు వైపు బంగళా కాదు. దానికి మెట్లు అయిదే. నూతి దగ్గర ఉన్నది వేప. 1979 మే తుఫానుకి ఆ వేపే కూలి వంటిల్లు మీద పడింది. ఆయన చెప్పిన ఇల్లు ఆయన పుట్టిన ఇల్లు. ఆవిడ పెళ్ళయి అక్కడికి వెళ్ళేనాటికే దాన్ని పడగొట్టేశారు. ఎప్పుడూ చూడలేదు.

"ఇన్నాళ్ళూ మన ఇంటికే పోదాం అంటన్నాడు అనుకున్నా నాయనా. నేను లేని ఇల్లంట అది" అంది.

నేనేం మాట్లాడగలను? పాడిరైతుల పిల్ల ఆయన కోసం దేశం కాని దేశం వెళ్ళింది. మునిషీ దగ్గర రెండేళ్ళు కూర్చుని గుండ్రంగా అక్షరాలు దిద్దింది. ఆ ఎండల్లో పాతికేళ్ళు ఉంది. తీరా ఇప్పుడు ఆయన, ఆవిడ ఎవరో తెలియని ఇంటికి బయల్దేరుతున్నాడు. ఆ బండికి రోజూ సాయంత్రం ఆవిడే సర్దిచెప్పాలి. కాఫీ చల్లారిపోయింది. వెళ్తానని లేచాను.

గుమ్మం దాకా వచ్చి ఆవిడే అంది. "నీకొకటి చెప్పనా? పగటి పూట ఇంగ్లీషులో అడిగినప్పుడు, నేను ఇంటికెళ్ళాలి అంటాడు. వాడొక్కడే. తెలుగులో అడిగినప్పుడు, పోదాం అంటాడు. పోతా అనడు. ఒక్కసారి కూడా అనలేదు. పోదాం పా అంటాడు. ఆ ఇంట్లో నేను లేకపోయినా సరే, నన్ను తీసకపోవాలనే ఉంది గదా ఆయనకి."

నేను తెలుగు అమ్మా నాన్నలకి పుట్టి, తెలుగులో చదివి, ఇంట్లో ఇరవై నాలుగ్గంటలూ తెలుగే మాట్లాడే మనిషిని. పోతాకీ పోదాంకీ మధ్య ఇంత ఉందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

ఆ రాత్రి కారులో కూర్చుని ఇంజను వేడెక్కేదాకా ఆగాలి కాబట్టి ఆగాను. అప్పుడు నా అబద్ధం గుర్తొచ్చింది.

నేను 1999లో వైటూకే పుణ్యమా అని ఈ దేశం వచ్చాను. అప్పటినుంచి మా అమ్మకి చెబుతున్న మాట ఒకటే. "ఇంకో రెండేళ్ళమ్మా, వచ్చేస్తాం." గ్రీన్ కార్డు రాగానే వచ్చేస్తాం. పిల్లది మిడిల్ స్కూలుకి రాకముందే వచ్చేస్తాం. 2005లో లాయరుపేటలో మా ఇంటి మీద పై వాటా కట్టించాను, వచ్చేశాక ఉండటానికి. టైల్సు, గీజరు, పిల్లలకి ఇబ్బంది లేకుండా వెస్టర్న్ బాత్రూము. 2008లో నాన్న పోయాడు. అమ్మ కింద వాటాలో ఒక్కతే. పై వాటా తాళం వేసి ఉంటుంది. శుక్రవారం శుక్రవారం తలుపులు తీసి ఊడిపిస్తుంది.

పెద్దమ్మ కూడా అబద్ధమే చెబుతోంది, "పొద్దున్నే పోదాం" అని. కానీ తేడా ఉంది. ఆవిడకి అది అబద్ధమని తెలుసు. ఆయనకి గుర్తుండదని తెలుసు. నేను చెప్పే అబద్ధం నాకే అబద్ధమని తెలీదు, వినే మనిషికేమో ప్రతి మాటా గుర్తుంటుంది.

ఆదివారం అమ్మకి ఫోను చేశాను. నీళ్ళు నమిలి నమిలి చివరికి చెప్పేశాను. "అమ్మా, మేం ఇంక వచ్చేయడం కుదిరేట్టు లేదు. పిల్ల చదువు ఇక్కడే. నా ఉద్యోగమూ ఇక్కడే. ఇన్నాళ్ళూ వచ్చేస్తాం వచ్చేస్తాం అని నీకు..."

అటునుంచి చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"నాకు ఎప్పుడో తెలుసు లేరా" అంది. "మీరు 2011లో వచ్చినప్పుడు మూడోవారం పాప నీ చెయ్యి పట్టుకుని, నాన్నా, ఇంటికి ఎప్పుడెళ్దాం అని అడిగింది. ఈ ఇంట్లో నిలబడి. నువ్వు శనివారం అని చెప్పావు. ఆ రోజే తెలిసింది."

ఆ సంగతి నాకు గుర్తే లేదు.

"మరి అడగలేదేంటమ్మా?"

"నువ్వు చెబుతావని చూశాను." కాసేపాగి, "పైన ఖాళీగా ఉంటే రాత్రిళ్ళు భయంగా ఉండేదిరా. ఎవరన్నా మసులుతుంటే బాగుండు అనిపించేది. అద్దెకిస్తామా అని ఎంతమంది అడిగారో. మావాడు వచ్చేస్తాడని ఎవరికీ ఇవ్వలేదు. ఇంక ఇచ్చెయ్యనా?" అంది.

నెలకి ఏడెనిమిది వేల అద్దె పోయిందని కాదు నా బాధ. ఏడేళ్ళు ఆవిడ రాత్రిళ్ళు భయపడింది. నా మాట కోసం.

"ఇచ్చెయ్యమ్మా" అన్నాను.

సంక్రాంతి వెళ్ళిన వారానికల్లా ఒక బ్యాంకు క్లర్కు కుటుంబం దిగింది. ఇద్దరు పిల్లలు, ఒక ముసలాయన. ఆ మెట్ల మీద పిల్లలు దడదడా పరిగెడుతున్నారని ఫోన్లో అమ్మ ఒకటే ఫిర్యాదు. నాలుగు వాక్యాల ఫిర్యాదులో మూడు నవ్వుతూ చేసింది.

పెదనాన్న 2016 మార్చిలో పోయారు. కెయుగా సరస్సు దగ్గర పెద్దమ్మ వాళ్ళ పొలం పక్కన ఊరి శ్మశానంలో పెట్టారు. మంచు ఇంకా కరగలేదు. మేం నలుగురు తెలుగువాళ్ళం వెళ్ళాం. అంతా అయ్యాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఇది మళ్ళీ మా ఊరయింది నాయనా" అంది. ఆ వేసవిలోనే కూతురి దగ్గరకి వేరే రాష్ట్రం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుడికి వచ్చి, నోటీసు బోర్డు మీద పాత కాగితం ఎక్కడైనా మిగిలి ఉందేమో చూసి మరీ వెళ్ళిందని మా ఆవిడ చెప్పింది.

ఇప్పుడు నేను ఒంగోలు వెళ్తే పైన చోటు లేదు. కింద అమ్మ గదిలో నేల మీద పరుపు వేసుకుంటాను. పైనుంచి పిల్లల అడుగుల చప్పుడు వినిపిస్తుంటే ఇద్దరం పడుకుని కబుర్లు చెప్పుకుంటాం. వెనకటి కంటే ఎక్కువే మాట్లాడుకుంటున్నాం. ఒకప్పుడు ఫోను పెట్టేముందు అమ్మ "ఎప్పుడు వచ్చేస్తార్రా?" అని అడిగేది. ఇప్పుడు "ఎప్పుడొస్తావురా?" అంటుంది. ఆ మొదటి ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ జవాబు లేదు. ఈ రెండో దానికి తేదీ చెప్పగలను. డిసెంబరు ఇరవై, శుక్రవారం.